మా చెల్లికి 41 వేల ర్యాంకు: దగ్గరి కాలేజీలో సీఎస్ఈనా, దూరం కాలేజీలో ఈసీఈనా?

ఉలవపాడు_అన్న:

అందరికీ నమస్కారం. మాది ఉలవపాడు దగ్గర పల్లె. నాయన రెండెకరాల మామిడి తోట చూసుకుంటాడు, నేను ఐటీఐ చేసి ఒంగోల్లో ఒక వర్క్‌షాపులో పని చేస్తున్నా. మా చెల్లి పదో తరగతి వరకు మా మండలంలోనే చదివి, ఇంటర్ నెల్లూరులో హాస్టల్లో ఉండి చదివింది. ఈఏపీసెట్‌లో 41 వేల చిల్లర ర్యాంకు వచ్చింది. మా ఇంట్లో ఇంజినీరింగ్ గడప తొక్కుతున్న మొదటి మనిషి ఆమే, కాబట్టి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా ముందు మూడు దారులు ఉన్నాయి. ఒకటి, ఒంగోలు అవతల ఒక కాలేజీ. అక్కడ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్)లో ఏఐ బ్రాంచి గ్యారంటీగా వస్తుందని వాళ్ళ పీఆర్వో (అడ్మిషన్ల కోసం తిరిగే మనిషి) ఇప్పటికి రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పాడు. కాలేజీ బస్సు హైవే దాకా వస్తుంది, రోజుకు రానూపోనూ దాదాపు 90 కిలోమీటర్లు. రెండోది, గుంటూరు వైపు ఒక పాత కాలేజీ. పోయినేడాది లాస్ట్ ర్యాంకులు చూస్తే మా చెల్లికి అక్కడ సీఎస్ఈ అంచున ఉంది, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) అయితే వచ్చేట్టుంది, హాస్టల్లో పెట్టాలి. మూడోది మా మేనమామ చెప్పేది, చెన్నైలో మేనేజ్‌మెంట్ సీటు, అంటే డబ్బు కట్టి కాలేజీ దగ్గరే తీసుకునే సీటు. దానికి తోటలో ఒక ఎకరం అమ్మాలి. నాయన అమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు, నాకే మనసు రావడం లేదు, అలాగని చెల్లి చదువుకు అడ్డం పడుతున్నానేమో అని రాత్రుళ్ళు నిద్ర కూడా పట్టడం లేదు.

ఆ పీఆర్వో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వండి, హాల్ టికెట్ నంబరు, ఫోనుకొచ్చే ఓటీపీ చెప్పండి, ఆప్షన్లు (కోరుకునే కాలేజీ, బ్రాంచిల జాబితా) మేమే పెట్టేస్తాం, మీకు టెన్షన్ ఉండదు అంటున్నాడు. ఇవ్వొచ్చా? అసలు కాలేజీని ఏం చూసి ఎంచుకోవాలి, చేరాక ఈ పిల్ల ఏం చేస్తే నాలుగేళ్ళు వృథా కాకుండా ఉంటాయి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

---

కావలి_మాస్టారు:

నాయనా, ముందు సర్టిఫికెట్లు, ఓటీపీ ఇవ్వొచ్చా అన్న ప్రశ్నకు జవాబు చెప్తాను. ఇవ్వొద్దు. సర్టిఫికెట్లు ఇవ్వొద్దు, ఓటీపీ అసలే చెప్పొద్దు. నేను ఇరవై రెండేళ్ళుగా ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠం చెప్తున్నాను, అడ్మిషన్ల కాలంలో ఏం జరుగుతుందో లోపలి నుంచి చూశాను. ఆప్షన్లు వాళ్ళు పెడితే మొదటి ఆప్షన్ నుంచి చివరి ఆప్షన్ వరకు వాళ్ళ కాలేజీయే ఉంటుంది. మీ చెల్లి ర్యాంకుకు ఇంకెక్కడ మంచి సీటు ఉన్నా అది ఆమె దాకా రాదు.

వెబ్ ఆప్షన్లు ఎలా పని చేస్తాయో చాలామందికి తెలియదు, తెలిస్తే సగం భయం పోతుంది. ర్యాంకు వరసలో ఒక్కొక్కరినీ తీసుకుంటారు. మీ చెల్లి వంతు వచ్చినప్పుడు ఆమె జాబితాలో పైనుంచి కిందకు చూసుకుంటూ వచ్చి, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తారు. అంతే. కాబట్టి 'ఇది రాదేమో, పైన పెడితే కిందది కూడా పోతుందేమో' అన్న భయం అక్కర్లేదు. రాదనుకున్నది మొదట పెట్టినా నష్టం లేదు. ఎన్ని పెట్టినా నష్టం లేదు. నష్టమల్లా నిజంగా కోరుకున్నది కింద పెట్టి, కోరుకోనిది పైన పెట్టడం వల్లే వస్తుంది, ఎందుకంటే పైది దొరికితే కిందకు దిగరు. ప్రాసెసింగ్ ఫీజు ఓసీ, బీసీలకు 1200, ఎస్సీ, ఎస్టీలకు 600 రూపాయలు. ఆప్షన్లు పెట్టే రోజుల్లో మీ ఇద్దరూ కూర్చుని సొంతంగా పెట్టుకోండి, నెట్ సెంటర్ వాడి మీద కూడా వదలొద్దు.

ఇంకో సంగతి, ఇది మీ ప్రాంతం వాళ్ళకు ముఖ్యం. కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం సీట్లు ఆ రీజియన్ లోకల్ పిల్లలకే. పాత ప్రకాశం జిల్లా (మీ ఉలవపాడు అందులోదే) ఏయూ (ఆంధ్ర యూనివర్సిటీ) రీజియన్, పాత నెల్లూరు జిల్లా ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) రీజియన్, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి ఉన్న విభజన ఇది. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ళూ ఒకే రీజియన్‌లో చదివితే అదే లోకల్. మీ చెల్లి పది వరకు మీ దగ్గర, ఇంటర్ నెల్లూరులో చదివింది కాబట్టి అది కుదరదు, అప్పుడు ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివిందో చూస్తారు. ఐదేళ్ళు అటు, రెండేళ్ళు ఇటు, అంటే ఆమె ఏయూ లోకల్. గుంటూరు, విజయవాడ, కాకినాడ వైపు లోకల్‌గా పోటీ పడుతుంది, తిరుపతి, అనంతపురం వైపు అయితే మిగతా 15 శాతంలోనే. లాస్ట్ ర్యాంకుల పట్టిక చూసేటప్పుడు కేటగిరీ, రీజియన్, అమ్మాయిల వరస మూడూ కలిపి చూడండి. అమ్మాయిలకు మూడో వంతు రిజర్వేషన్ ఉంది కాబట్టి వాళ్ళ కట్ ఆఫ్ వేరుగా ఉంటుంది. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి, చివరి రోజు స్కూలు చుట్టూ తిరిగే తల్లిదండ్రులను ప్రతి ఏడాదీ చూస్తుంటాను, చాలా బాధేస్తుంది.

ఇక కాలేజీని చూసే పద్ధతి. హోర్డింగు మీద న్యాక్ (కాలేజీల నాణ్యత చూసే సంస్థ) ఏ గ్రేడ్ అని ఉంటే అది మొత్తం కాలేజీకి ఇచ్చింది. ఎన్‌బీఏ అనే ఇంకో సంస్థ గుర్తింపు మాత్రం బ్రాంచిని బట్టి ఇస్తారు. మెకానికల్‌కు ఎన్‌బీఏ ఉండి, కొత్తగా పెట్టిన ఏఐ బ్రాంచికి లేకపోవచ్చు, బోర్డు మీద మాత్రం ఎన్‌బీఏ అని ఒక్క మాటే రాస్తారు. 'మా చెల్లి చేరబోయే బ్రాంచికి ఉందా, ఏ సంవత్సరం వరకు ఉంది' అని అడగండి.

తర్వాత సెక్షన్ల సంగతి. 2024 నుంచి బ్రాంచిలో సీట్ల మీద ఉన్న పరిమితిని, సాంకేతిక కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ ఎత్తేసింది. దాంతో చాలా కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సీట్లు పెంచాయి. సీట్లు ఒక్క ఏడాదిలో పెరుగుతాయి, చెప్పగలిగిన మాస్టార్లు ఒక్క ఏడాదిలో పెరగరు. రూలు ప్రకారం ఇరవై మంది పిల్లలకు ఒక అధ్యాపకుడు ఉండాలి. సీఎస్ఈ, ఏఐ, డేటా సైన్స్ అన్నీ కలిపి ఎన్ని సెక్షన్లు, ఎంతమంది ఫ్యాకల్టీ, వాళ్ళలో మూడేళ్ళకు పైగా అక్కడే ఉన్నవాళ్ళు ఎంతమంది అని అడగండి. ప్రతి సెమిస్టరుకూ మాస్టార్లు మారే కాలేజీలో, గోడలకు ఎంత మంచి పెయింటు వేసినా, పిల్లలకు ఒరిగేది తక్కువ.

ప్లేస్‌మెంట్ పోస్టర్లో ఉన్న అంకె మనుషుల లెక్క కాకపోవచ్చు, ఆఫర్ల లెక్క కావచ్చు. ఒకే పిల్లవాడికి నాలుగు ఆఫర్లు వస్తే నాలుగు అని రాసుకుంటారు. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుకు దరఖాస్తు చేసిన కాలేజీ, ర్యాంకు రాకపోయినా, ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం (సగంమందికి అంతకన్నా ఎక్కువ, సగంమందికి తక్కువ) ఎంత అన్న పట్టికను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అది తీసి చూడండి. పోస్టర్‌కూ పట్టికకూ ఎంత తేడా ఉందో చూస్తే ఆ కాలేజీ నిజాయితీ కూడా తెలుస్తుంది.

ఇవన్నీ చూసినా సరే, ఒక మామూలు పనిరోజున, పీఆర్వోకు చెప్పకుండా, చెల్లిని వెంటబెట్టుకుని వెళ్ళు. ఆదివారం వద్దు, ఓరియెంటేషన్ రోజు అసలు వద్దు. గేటు బయట టీ అంగడి దగ్గర మూడో సంవత్సరం పిల్లలు నిలబడి ఉంటారు. వాళ్ళను అడుగు.

---

కొత్తపట్నం_కుర్రోడు:

అన్నా, మాస్టారు చెప్పింది చదివి నాకు మా అడ్మిషన్ రోజులు గుర్తొచ్చాయి. నేను మన జిల్లాలోనే, పెద్దగా పేరు లేని కాలేజీలో ఈసీఈ చదివా, 2021లో బయటికొచ్చా, ఇప్పుడు బెంగళూరులో ఎంబెడెడ్ పని (పరికరాల్లో ఉండే చిప్పులకు ప్రోగ్రాములు రాయడం) చేస్తున్నా. కాలేజీ గురించి నేను చెప్పగలిగింది తక్కువ, చేరాక ఏం చేయాలో మాత్రం కొంచెం చెప్పగలను.

మొదటి సంవత్సరం నేను వృథా చేశా. జేఎన్‌టీయూ పద్ధతిలో 30 మార్కులు ఇంటర్నల్, 70 ఎక్స్‌టర్నల్, మిడ్ పరీక్షల ముందు రెండు రాత్రులు, సెమిస్టర్ పరీక్షల ముందు వారం రోజులు చదివితే గట్టెక్కొచ్చని సీనియర్లు చెప్తే నమ్మా. గట్టెక్కా కూడా, ఎం-1 (మొదటి లెక్కల పేపరు) ఒక్కటి పోయింది. కానీ రెండో ఏడాది సిగ్నల్స్ పాఠం మొదలైనప్పుడు క్లాసులో కూర్చుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు, ఎందుకంటే అది మొత్తం ఆ లెక్కల మీదే నిలబడుంటుంది. అప్పుడు భయం పట్టుకుంది.

మా ల్యాబులో ఒక సార్ ఉండేవారు. సాయంత్రం నాలుగున్నరకు అందరూ బస్సుల కోసం పరిగెత్తేవాళ్ళు, ఆయన మాత్రం ఆరింటిదాకా ల్యాబులోనే ఉండేవారు. ఒకరోజు బస్సు తప్పిపోయి వరండాలో కూర్చుంటే లోపలికి పిలిచి, ఊరికే కూర్చోకపోతే ఈ సర్క్యూట్ బోర్డు పని చేస్తుందో లేదో చూడరా అన్నారు. మొత్తం అక్కడ మొదలైంది. ఆ తర్వాత నేను కావాలనే బస్సు వదిలేసి సర్వీస్ ఆటోలో వెళ్ళేవాణ్ణి.

మా నాయనకు రొయ్యల చెరువులు. వనామీ వేసినవాళ్ళకు తెలుసు, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, రాత్రంతా నాచు కూడా ఆక్సిజనే పీల్చుకుంటుంది కాబట్టి. ఆ టైములో కరెంటు పోయి నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలన్నీ పైకి తేలతాయి. మా నాయన ఏళ్ళ తరబడి మూడింటికి లేచి టార్చి పట్టుకుని చెరువు గట్టు మీద తిరిగేవాడు. సార్‌తో ఈ మాట చెబితే, ఇంతకన్నా మంచి ప్రాజెక్టు నీకు ఎక్కడ దొరుకుతుంది అన్నారు. ఆక్సిజన్ తగ్గితే ఫోనుకు మెసేజ్ వచ్చేట్టు ఒక పెట్టె తయారు చేశాం. సెన్సర్ ఖరీదు చూసి గుండె ఆగినంత పనైంది, ఒక ఆక్వా షాపాయన వాడిన సెన్సర్ ఉంటే అరువిచ్చాడు. వారం తిరిగేలోపు దాని మీద నాచు పట్టి తప్పు రీడింగులు రావడం మొదలైంది. రోజూ కడగాలి, కడిగాక మళ్ళీ సరిచేయాలి. అది పూర్తిగా బాగుపడనే లేదు. కానీ ఇంటర్వ్యూలో నలభై నిమిషాల్లో ముప్పై నిమిషాలు ఆ సెన్సర్ గురించే అడిగారు. ఎందుకు చెడిపోయింది, ఎలా కనిపెట్టావు, ఇప్పుడైతే ఏం మారుస్తావు అని. నా పక్క సెక్షన్ వాళ్ళు చాలామంది ప్రాజెక్టు హైదరాబాదులో కొనుక్కొచ్చారు, బైండింగు చాలా బాగుంటుంది, రెండో ప్రశ్నకే ఆగిపోయారు.

చెల్లికి ఇది చెప్పు అన్నా. ఏ కాలేజీలో చేరినా సాయంత్రం తలుపు తెరిచి ఉంచే సార్ గానీ మేడమ్ గానీ ఒక్కరైనా ఉంటారు, మొదటి నెలలోనే వాళ్ళెవరో కనిపెట్టమను. ఇంకోటి, ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రమే వెయ్యి రూపాయలు. మా కాలేజీలో చెప్పేవాళ్ళు లేని సబ్జెక్టులు నేను అక్కడే నేర్చుకున్నా. ఎనిమిది వారాల కోర్సు సెమిస్టరుకు ఒక్కటి చాలు, నాలుగైదు మొదలుపెట్టి ఏదీ పూర్తి చేయకపోవడం కన్నా.

---

మర్రిపాడు_మెకానికల్:

నేను వేరే మాట చెప్తాను, కోప్పడకండి. నేను 2018లో మెకానికల్ చేశా, మంచి కాలేజీ, మంచి పర్సంటేజీ. క్యాంపస్‌కు వచ్చిన కంపెనీల్లో సగం వాటి ఉద్యోగ పరీక్షలకు మా బ్రాంచి వాళ్ళను కూర్చోనివ్వలేదు. రెండేళ్ళు హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగులు తిరిగి కోడింగ్ నేర్చుకుని అప్పుడు సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చా. ఆ రెండేళ్ళు ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవాలంటే ఎంత కష్టంగా ఉండేదో నాకే తెలుసు. కాబట్టి ఎక్కడైనా సరే సీఎస్ఈ దొరికితే తీసుకోవాలనేది నా మాట. పేదింటి పిల్లలకు మళ్ళీ ప్రయత్నించే టైము ఉండదు.

---

కొత్తపట్నం_కుర్రోడు:

బ్రో, నువ్వు పడిన కష్టం నిజం, కాదనను. కానీ ఈసీఈ మెకానికల్ లాంటిది కాదు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు ఈసీఈ వాళ్ళను కూడా కూర్చోనిస్తాయి. నా బ్యాచ్‌లో సగానికి పైగా సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు. ఆ అమ్మాయికి ఏది ఇష్టమో ఇంతవరకు ఇక్కడ ఎవరూ అడగలేదు చూడు, అన్న కూడా రాయలేదు.

---

సింగరాయకొండ_సీజన్‌పాస్:

మీ పోస్టులో నాకు ముందు కనిపించింది ఆ 90 కిలోమీటర్లు తమ్ముడూ. నేను నాలుగేళ్ళు సింగరాయకొండ నుంచి ఒంగోలుకు రైల్లో, అక్కడి నుంచి కాలేజీకి బస్సులో వెళ్ళొచ్చాను. ఉదయం ఆరున్నరకు బయలుదేరితే రాత్రి ఏడింటికి ఇల్లు. రైల్లో కూర్చోవడానికి చోటు దొరికిన రోజు చదువుకునేదాన్ని, దొరకని రోజు లేదు. ఇంటి తిండి, అమ్మ దగ్గర నిద్ర, అది నిజమే, హాస్టల్ ఫీజు మిగిలింది, అదీ నిజమే. కానీ కొత్తపట్నం తమ్ముడు చెప్పిన సాయంత్రం ల్యాబు నాకు ఎప్పుడూ దక్కలేదు. కోడింగ్ క్లబ్బు ఐదింటికి, మా బస్సు నాలుగూ నలభైకి. డేస్కాలర్ అమ్మాయిలందరిదీ ఇదే కథ. దగ్గరి కాలేజీయే ఖాయమైతే కనీసం ఒంగోల్లో ఒక రూము చూడండి, మీరు అక్కడే పని చేస్తున్నారు కదా, అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి ఉండొచ్చు.

హాస్టల్ అయితే మీరు కాదు, మీ అమ్మగారు గానీ ఇంకో ఆడమనిషి గానీ లోపలికి వెళ్ళి చూడాలి. గదికి ఎంతమంది, బాత్రూములు ఎన్ని, నీళ్ళు ఎన్నింటికి ఆగిపోతాయి, రాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళే మనిషి ఎవరు. మెస్సులో భోజనాల వేళకు వెళ్ళండి. వార్డెన్ కన్నా ముందు వంటమనిషితో మాట్లాడండి, ఆమె అబద్ధం చెప్పదు.

సర్టిఫికెట్ల గురించి నా అనుభవం చెప్తాను. నేను చేరిన కాలేజీ, పేరు వద్దు, ఒరిజినల్స్ అన్నీ తీసుకుంది. రెండో నెలలో నాకు మంచి చోట సీటొచ్చింది. టీసీ అడిగితే నాలుగేళ్ళ ఫీజూ కట్టి తీసుకెళ్ళమన్నారు. మా నాన్న వాళ్ళ ఆఫీసు ముందు మూడు రోజులు నిలబడ్డాడు. ఆ సీటు పోయింది. 2018లో యూజీసీ ఇచ్చిన నిబంధన ప్రకారం ఒరిజినల్స్ చూసి, సరిపోల్చుకుని, వెంటనే వెనక్కి ఇచ్చేయాలి. ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులు ముందే మానుకుంటే దాదాపు మొత్తం ఫీజు, ఆ తర్వాత అయితే తగ్గించుకుంటూ కొంత వెనక్కి రావాలి. ఇది అప్పట్లో మాకు తెలియదు. తెలిసి ఉంటే కనీసం కాగితం మీద రాసి అడిగేవాళ్ళం. మీరు ఏ కాగితం ఇచ్చినా రసీదు తీసుకోండి, ప్రతిదీ రంగుల్లో స్కాన్ చేసి దాచుకోండి.

చెన్నై సీటు గురించి ఒక్క మాట. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కన్వీనర్ కోటాలో వస్తే ఆ ఆసరా ఉంటుంది, దానికి 75 శాతం హాజరు తప్పనిసరి అని గుర్తుంచుకోండి. ఎకరం అమ్మి మొదటి రెండేళ్ళు కడతారు, మూడో ఏడాది ఏం అమ్ముతారు? ఆ భారం మీ చెల్లి మనసు మీద కూడా ఉంటుంది, ఒక్క సబ్జెక్టు పోయినా తోట గుర్తొచ్చి ఏడుస్తుంది.

---

డీకే_బీఎస్సీ:

బీటెక్ ఒక్కటే దారి అన్నట్టు మాట్లాడుకుంటున్నారు కాబట్టి రాస్తున్నా. నేను నెల్లూరు డీకే మహిళా కాలేజీలో బీఎస్సీ చదివా. మా కోర్సులో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ ఉండేది, చివరి సెమిస్టర్ మొత్తం బయటే. 2023 నుంచి మూడు సబ్జెక్టుల బదులు ఒక మేజర్ పద్ధతి వచ్చింది. మా బ్యాచ్‌లో ముగ్గురం ఇప్పుడు సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ చేస్తున్నాం. చెల్లికి ఫిజిక్స్ గానీ మ్యాథ్స్ గానీ నిజంగా ఇష్టమైతే ఇది కూడా ఒకసారి ఆలోచించండి. ఇష్టం లేకపోతే వద్దు.

---

ఉలవపాడు_అన్న:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాం. మంగళవారం ఒకటి, గురువారం ఒకటి చూసొచ్చాం. నేను రెండు రోజులు సెలవు పెట్టా, అమ్మ, చెల్లి, నేను.

ముందు కొత్తపట్నం తమ్ముడికి జవాబు. నువ్వు రాసింది చదివాక సిగ్గేసింది. అవును, చెల్లికి ఏది ఇష్టమో నేను అడగలేదు. అడిగితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత, ఏది చదివినా సరే అన్నా, చెప్పేవాళ్ళు ఉండాలి, ఇంటర్లో రెండేళ్ళు బట్టీయే పట్టించారు, నాకు అర్థమయ్యేట్టు చదవాలని ఉంది అంది. ఆ మాట నేను అనుకోలేదు.

ఒంగోలు కాలేజీలో బిల్డింగులు బాగున్నాయి. కంప్యూటర్ ల్యాబు చూపించమంటే తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతకడానికి అరగంట పట్టింది. మధ్యాహ్నం రెండింటికి, పనిరోజున. గేటు బయట మూడో సంవత్సరం పిల్లలు నలుగురు దొరికారు. కంప్యూటర్ బ్రాంచీలన్నీ కలిపి పదకొండు సెక్షన్లట, డేటాబేస్ సబ్జెక్టుకు సెమిస్టర్ మధ్యలో ఇద్దరు సార్లు మారారట. వాళ్ళు చెడ్డగా ఏమీ చెప్పలేదు, ఒక అబ్బాయి మాత్రం, అక్కా సొంతంగా చదువుకునేవాళ్ళకు ఇక్కడైనా పర్లేదు అన్నాడు చెల్లితో. ఎన్‌బీఏ గురించి అడిగితే ఏఐ బ్రాంచికి ఇంకా లేదన్నారు, మొదటి బ్యాచ్ ఇంకా బయటికి రాలేదట.

గుంటూరు వైపు కాలేజీ పాతది, గోడలకు చెమ్మ కూడా ఉంది. మేం వెళ్ళేసరికి నాలుగు దాటింది. ఈసీఈ ల్యాబులో ఏడెనిమిది మంది పిల్లలు ఇంకా కూర్చుని ఏదో సోల్డరింగ్ చేస్తున్నారు, ఎవరూ చెప్పి కూర్చోబెట్టినట్టు లేదు. నాది ఐటీఐ కాబట్టి ఆ వాసన నాకు తెలుసు, లోపలికి వెళ్ళగానే ప్రాణం లేచొచ్చింది. అక్కడి హెచ్‌వోడీ (బ్రాంచి హెడ్) మేడమ్ చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఫిజిక్స్‌లో ఏ చాప్టర్ ఇష్టమని అడిగారు. కరెంట్ ఎలక్ట్రిసిటీ అంటే, ఎందుకు ఇష్టం అన్నారు. మా చెల్లి పదిహేను నిమిషాలు మాట్లాడింది, ఇంట్లో పది మాటలు మాట్లాడని పిల్ల. అమ్మ హాస్టల్లో వంటామెతో మాట్లాడింది. గదికి నలుగురు, సాయంత్రం నీళ్ళ ఇబ్బంది కొంచెం ఉందంట, దాచకుండా చెప్పింది. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఎన్ఐఆర్ఎఫ్ పట్టిక కూడా దొరికింది, మధ్యస్థ జీతం పోస్టర్లో అంకె కన్నా చాలా తక్కువే, కానీ పట్టిక పెట్టారు.

ఆప్షన్లు నిన్న రాత్రి చెల్లే పెట్టింది, నేను పక్కన కూర్చున్నా అంతే. మొదట గుంటూరు వైపు కాలేజీలోనే సీఎస్ఈ, తర్వాత అక్కడే ఈసీఈ, ఆ తర్వాత మాస్టారు చెప్పినట్టు పోయినేడాది ర్యాంకులు చూసుకుని ఇంకో ఇరవై మూడు. ఒంగోలు కాలేజీ కూడా ఉంది, కింద ఉంది. సీఎస్ఈ ఎందుకు మొదట పెట్టావంటే, మెకానికల్ అన్న రాసింది కూడా చదివాగా, వస్తే మంచిదే కదా, రాకపోయినా నాకు బాధ లేదు అంది. పీఆర్వో పొద్దున మళ్ళీ ఫోన్ చేశాడు, ఆప్షన్లు పెట్టేశామని చెప్పాం. చెన్నై మాట నాయన మామయ్యతో తనే మాట్లాడి వద్దనేశాడు. ఎకరం ఉంది, కాయలు కూడా ఈసారి బాగానే దిగాయి.

ఇంకో చిన్న డౌటు. లాప్‌టాప్ ఇప్పుడే కొనాలా? ఒంగోల్లో షాపువాడు కాలేజీ ఆఫర్ అని లక్ష రూపాయల దాన్ని చూపిస్తున్నాడు.

---

కొత్తపట్నం_కుర్రోడు:

ఇప్పుడే వద్దన్నా. మొదటి సెమిస్టర్లో సి ప్రోగ్రామింగ్‌కు కాలేజీ ల్యాబు చాలు. చేరాక రెండో సెమ్‌లో కొను, లక్ష అక్కర్లేదు, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నది అంతకన్నా తక్కువలోనే వస్తుంది. కొనే ముందు నాకు మోడల్ నంబరు పంపు, చూసి చెప్తా. ఈలోపు ఒక చిన్న మల్టీమీటరు కొనివ్వు చెల్లికి, మూడు నాలుగు వందలే అవుతుంది. కరెంట్ ఎలక్ట్రిసిటీ ఇష్టం అంది కదా.

---

కావలి_మాస్టారు:

అలాట్‌మెంట్ వచ్చిన రోజు ఇక్కడ రాయి నాయనా. సీటు వచ్చిందని సంతోషంలో ఆన్‌లైన్లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి ఊరుకునేవు, కాలేజీకి వెళ్ళి కూడా రిపోర్ట్ చేయాలి, రెండూ గడువులోపు చేస్తేనే సీటు నిలుస్తుంది. ఆ మేడమ్‌ను చెల్లి మళ్ళీ కలిసినప్పుడు నా నమస్కారాలు చెప్పమను.